యుద్ధానికి గణితం కట్టిన శాంతివాది – లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్

మానవుడు ప్రకృతి శక్తులను కొలవడం నేర్చుకున్నాడు. గాలి వేగాన్ని, వర్షపాతాన్ని, భూకంప తీవ్రతను అంకెలలో చెప్పగలిగాడు. కాని తన చేతులతో తాను తెచ్చిపెట్టుకొనే యుద్ధమనే మహోపద్రవాన్ని మాత్రం చిరకాలం విధి విలాసమనో, రాజుల అహంకారమనో సరిపెట్టుకున్నాడు. వానకు, వరదకు కారణాలున్నట్లే యుద్ధానికి కూడా కారణాలుంటాయని, వాటిని గణితశాస్త్ర సహాయంతో శోధించవచ్చునని తొలిసారిగా గట్టిగా నమ్మి, ఆ నమ్మకం కోసం పదవిని, ఆదాయాన్ని, కీర్తిని వదులుకొన్న శాస్త్రజ్ఞుడు లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. నేడు ప్రపంచమంతటా జరుగుతున్న వాతావరణ అంచనాలకు, అంతర్జాతీయ వైరాలను గూర్చిన శాస్త్రీయ అధ్యయనానికి ఆయనే మూలపురుషుడు. ఆయన జీవితం విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు సమానంగా ఆదర్శప్రాయమైనది.

బాల్యం – విద్యాభ్యాసం

రిచర్డ్‌సన్ 1881 అక్టోబరు 11న ఇంగ్లండు ఉత్తర భాగంలోని న్యూకాసిల్ నగరంలో జన్మించారు. తండ్రి డేవిడ్ రిచర్డ్‌సన్ తోళ్లు ఊనే కర్మాగారం నడిపే వ్యాపారి. తల్లి కేథరిన్ ఫ్రై. ఏడుగురు సంతానంలో లూయిస్ కడగొట్టువాడు. వారిది క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబం. ఆడంబరం లేని జీవితం, మౌన ప్రార్థన, సత్యనిష్ఠ క్వేకర్ల లక్షణాలు. ఏ కారణం చేతనైనా సరే సాటి మనిషిపై ఆయుధం ఎత్తరాదన్నది వారి దృఢమైన నియమం. ఈ నియమమే రిచర్డ్‌సన్ జీవితానికి దారి చూపింది.

ఆయన బాల్యం గురించి ఒక ముచ్చట చెప్పుకుంటారు. ఐదేళ్ల వయస్సులో, బ్యాంకులో వేసిన డబ్బు పెరుగుతుందని ఇంటిలో ఎవరో అనగా విని, ఆ పిల్లవాడు కొంత డబ్బును తోటలో పాతిపెట్టి మొలకెత్తుతుందేమోనని ఎదురుచూశాడట. చెప్పిన మాటను ఊరికే నమ్మక స్వయంగా పరీక్షించి చూడాలనే తత్త్వం ఆనాడే ఆయనలో కనిపించింది.

పన్నెండేళ్ల ప్రాయంలో ఆయన యార్క్ నగరంలోని బూథమ్ అనే క్వేకర్ వసతి పాఠశాలలో చేరారు. అక్కడి ఉపాధ్యాయులు ఆయనలో ప్రకృతి పరిశీలన పట్ల ఆసక్తిని రేకెత్తించారు. విజ్ఞానశాస్త్రం ఎంత గొప్పదైనా నీతికి లోబడి ఉండాలనే భావం ఆ పాఠశాలలోనే తన మనస్సులో నాటుకొన్నదని ఆయన తరువాతి కాలంలో కృతజ్ఞతతో తలచుకొన్నారు. చిన్ననాటి పాఠశాల ఒక మనిషి వ్యక్తిత్వంపై ఎంతటి ముద్ర వేయగలదో చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

న్యూకాసిల్‌లోని డరమ్ సైన్సు కళాశాలలో రెండేళ్లు గణితం, భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలు అభ్యసించి, 1900లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశించారు. ఎలక్ట్రానును కనుగొన్న జె. జె. థామ్సన్ వంటి మహనీయుని వద్ద భౌతికశాస్త్రం నేర్చుకొని 1903లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. జీవితంలో సగభాగం భౌతికశాస్త్రపు కఠిన క్రమశిక్షణలో గడిపి, మిగిలిన సగభాగం ఆ క్రమశిక్షణతో జీవరాశిని, మనిషిని అర్థం చేసుకోవడానికి వినియోగించాలని ఆ యువకుడు లోలోపలే సంకల్పించుకొన్నాడు.

తొలి ఉద్యోగాలు – కొత్త గణిత పద్ధతి

కళాశాల విడిచిన తరువాత పదేళ్లపాటు రిచర్డ్‌సన్ ఒక చోట నిలకడగా ఉండలేదు. జాతీయ భౌతిక ప్రయోగశాలలో, ఒక పీట్ పరిశ్రమలో, విద్యుద్దీపాల కంపెనీలో, కళాశాలలలో పనిచేశారు. పీట్ అంటే చిత్తడి నేలలలో కుళ్లిన మొక్కలతో ఏర్పడి, ఎండబెడితే వంటచెరకుగా ఉపయోగపడే మట్టి. ఆ నేలలోని నీరు ఇంకిపోవడానికి కాలువలు ఏ విధంగా త్రవ్వాలన్నది ఆయనకు ఎదురైన సమస్య. దానికి సంబంధించిన సమీకరణాలు తెలిసినవే అయినా వాటిని సాధించే మార్గం అప్పటి గణితంలో లేదు. అప్పుడాయన ఆ ప్రదేశాన్ని గళ్ల కాగితం వలె చిన్న చిన్న గళ్లుగా విభజించి, ప్రతి గడిలోని విలువను దాని ఇరుగు పొరుగు గళ్ల విలువలతో ముడిపెట్టి, కూడికలు తీసివేతలతోనే సమాధానానికి దగ్గరగా చేరే పద్ధతిని రూపొందించారు. ఇదే పరిమిత భేదాల పద్ధతి. దీనితో రాతి ఆనకట్టలోని ఒత్తిడులను లెక్కగట్టి 1910లో రాయల్ సొసైటీకి వ్యాసం సమర్పించారు. ఇది ఉజ్జాయింపు గణితమని కొందరు పండితులు దీనిని చిన్నచూపు చూశారు. నేడు వంతెనలు, విమానాలు, ఆనకట్టలు ఈ కోవకు చెందిన పద్ధతులతోనే కంప్యూటర్లపై పరీక్షింపబడుతున్నాయి.

1909లో ఆయన డొరోతీ గార్నెట్‌ను వివాహమాడారు. ఆమె తండ్రి విలియం గార్నెట్ పేరెన్నికగన్న విద్యావేత్త. ఆ దంపతులకు సంతానం కలుగలేదు. తరువాతి కాలంలో ముగ్గురు పిల్లలను దత్తత తీసుకొని పెంచుకొన్నారు. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ నౌక మంచుకొండను ఢీకొని మునిగిపోయినప్పుడు రిచర్డ్‌సన్ మనస్సు కలత చెందింది. చిన్న పడవలో సముద్రంపైకి వెళ్లి, ఈల ఊది, గొడుగును అడ్డుపెట్టి ప్రతిధ్వనిని పట్టుకొనే ప్రయోగం చేశారు. ధ్వని తరంగాలతో మంచుకొండల ఉనికిని పసిగట్టే విధానానికి కొద్ది వారాలలోనే పేటెంటు దరఖాస్తులు పెట్టారు. ఆపద వచ్చిన తరువాత విచారించడం కాదు, రాబోయే ఆపదను ముందుగా తెలుసుకోవడమే ఆయన ధ్యేయం.

రణరంగంలో వాతావరణ గణితం

1913లో ఆయన స్కాట్లండులోని ఎస్క్‌డేల్‌మ్యూర్ అనే మారుమూల పరిశోధన కేంద్రానికి అధిపతిగా నియమితులయ్యారు. ఆనాటి వాతావరణ అంచనాలు పాత పటాలను చూసి, ఇటువంటి పరిస్థితి గతంలో వచ్చినప్పుడు ఏమి జరిగిందో గుర్తుచేసుకొని చెప్పేవే. రిచర్డ్‌సన్‌కు ఇది తృప్తినివ్వలేదు. గాలి కదలికను, వేడిని, తేమను, పీడనాన్ని భౌతిక నియమాలు శాసిస్తున్నాయి. కనుక ఆకాశాన్ని గళ్లుగా విభజించి, ఇప్పటి స్థితిని తెలుసుకొని, ఆ నియమాల ప్రకారం అంచెలంచెలుగా లెక్కకడితే రేపటి స్థితి తేలాలి. ప్రకృతిలో జరిగే వ్యవహారాన్ని కాగితంపై అంకెలతో నడిపించి చూడడమే ఇది. నేడు దీనినే సిమ్యులేషన్ అంటున్నాము.

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రిచర్డ్‌సన్ తన మతధర్మం ప్రకారం తుపాకి పట్టడానికి నిరాకరించారు. అయినా లక్షలాది యువకులు కందకాలలో మరణిస్తుండగా తాను ప్రశాంతంగా కొండల నడుమ కూర్చుండలేకపోయారు. 1916లో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, క్వేకర్లు నడిపే అంబులెన్సు దళంలో చేరి ఫ్రాన్సుకు వెళ్లారు. ఒక ఫ్రెంచి పదాతి దళానికి అనుబంధంగా, గుండ్లు పడుతున్న దారుల వెంట గాయపడిన సైనికులను బండిలో చేరవేయడం ఆయన పని. యుద్ధం ముగిసే వరకు ఆయన ఆ సేవలోనే ఉన్నారు.

విరామ సమయాలలో, చలి కొరికే విడిదిలో, గడ్డిమోపుల మీద కూర్చొని ఆయన తన వాతావరణ గణితాన్ని కొనసాగించారు. 1910 మే 20వ తేదీ ఉదయం ఏడు గంటలకు మధ్య ఐరోపాపై గాలి ఎలా ఉన్నదో నమోదైన వివరాలు ఆయన వద్ద ఉన్నాయి. అక్కడి నుండి ఆరు గంటలలో పీడనం ఎంత మారాలో లెక్కగట్టారు. 145 మిల్లీబార్లు పెరగాలని జవాబు వచ్చింది. ఇది అసంభవమైన సంఖ్య. ఆనాడు నిజానికి పీడనంలో చెప్పుకోదగిన మార్పే లేదు. ఎంతో శ్రమపడి చేసిన లెక్క ఘోరంగా తప్పిపోయింది. అంతేకాదు, 1917 ఏప్రిల్‌లో షాంపేన్ యుద్ధ సమయంలో వ్రాతప్రతిని భద్రత కోసం వెనుకకు పంపగా అది కనిపించకుండా పోయింది. కొన్ని నెలల తరువాత బెల్జియంలో బొగ్గుల కుప్ప క్రింద దొరికింది.

మరొకరయితే ఆ తప్పును కప్పిపుచ్చేవారే. రిచర్డ్‌సన్ అలా చేయలేదు. 1922లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన తన గ్రంథంలో, తప్పిన లెక్కను ఆద్యంతం, ఒక్క అంకె దాచకుండా లోకం ముందుంచారు. గాలికి సంబంధించిన ప్రారంభ వివరాలలోని దోషమే ఇందుకు కారణమని ఊహించారు. అది సరైన ఊహయేనని తరువాతి పరిశోధకులు నిరూపించారు. ఆ ప్రారంభ వివరాలను సవరించి ఆయన పద్ధతిలోనే లెక్కకడితే నమ్మదగిన ఫలితమే వచ్చింది.

ఆ గ్రంథంలోనే ఆయన ఒక కల్పనను వర్ణించారు. నాటకశాల వంటి విశాలమైన మందిరం, దాని గోడలపై భూగోళ పటం, తమ తమ ప్రదేశానికి చెందిన లెక్కను చేస్తూ 64,000 మంది గణకులు, మధ్య ఎత్తైన వేదికపై నిలబడి వెనుకబడిన వారికి ఒక రంగు వెలుగును, ముందుకు పరుగెత్తిన వారికి మరొక రంగు వెలుగును చూపి అందరినీ సమంగా నడిపించే నిర్వాహకుడు. కంప్యూటరు అనే యంత్రం లేని కాలంలో దాని పనితీరును మనుషులతో ఊహించిన దూరదృష్టి ఇది.

అంతరాత్మ ప్రబోధం

యుద్ధానంతరం ఆయన తిరిగి వాతావరణ శాఖలో చేరి బెన్సన్ అనే చోట పరిశోధన సాగించారు. గాలిలో సుడులు ఎప్పుడు పుడతాయో, ఎప్పుడు అణగిపోతాయో తెలిపే ఒక నిష్పత్తిని అక్కడే కనుగొన్నారు. నేటికీ అది రిచర్డ్‌సన్ సంఖ్య అనే పేరుతో పాఠ్యగ్రంథాలలో ఉన్నది. కాని 1920లో బ్రిటిషు ప్రభుత్వం వాతావరణ శాఖను వైమానిక మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చింది. రాయల్ ఎయిర్ ఫోర్సు ఆ మంత్రిత్వ శాఖ క్రిందిదే. సైనిక వ్యవస్థలో భాగమైన కార్యాలయంలో పనిచేయడానికి ఆయన అంతరాత్మ అంగీకరించలేదు. ఎంతో ఇష్టమైన ఉద్యోగాన్ని మారుమాట లేకుండా వదులుకొన్నారు.

తరువాత ఆయన లండనులోని వెస్ట్‌మినిస్టర్ ట్రెయినింగ్ కళాశాలలో భౌతికశాస్త్ర విభాగాధిపతిగా చేరారు. అది ఉపాధ్యాయులను తయారుచేసే కళాశాల. పగలు భావి ఉపాధ్యాయులకు పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో పరిశోధన చేస్తూ 1926లో రాయల్ సొసైటీ సభ్యత్వాన్ని పొందారు. గాలిలో పొగ, ధూళి ఏ విధంగా వ్యాపిస్తాయో చెప్పే ముఖ్యమైన నియమాన్ని అదే సంవత్సరంలో ప్రకటించారు. అయితే ఈ పరిజ్ఞానం విషవాయువుల ప్రయోగానికి ఉపయోగపడుతుందని సైనిక నిపుణులు ఆసక్తి చూపుతున్నట్లు తెలిసి ఆయన తీవ్రంగా కలత చెందారు. ఆ రంగాన్ని విడిచిపెట్టి, అచ్చుకాని కొన్ని పరిశోధన పత్రాలను తన చేతులతోనే నాశనం చేశారు. పేరు తెచ్చిపెడుతున్న మార్గాన్ని నడివయస్సులో విడిచి, కొత్తగా మనస్తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టి, 1929లో నలభై ఏడేళ్ల వయస్సులో లండను విశ్వవిద్యాలయం నుండి ఆ శాస్త్రంలో పట్టం పొందారు. చదువుకు వయస్సు అడ్డు కాదని ఆచరణలో చూపారు.

వైరానికి సమీకరణం

యుద్ధ కారణాలను గణితంతో పరిశీలించాలనే ఆలోచన ఆయనకు ఫ్రాన్సులో అంబులెన్సు నడుపుతున్నప్పుడే కలిగింది. 1919లో యుద్ధపు గణిత మనస్తత్వశాస్త్రమనే చిన్న పుస్తకాన్ని సొంత ఖర్చుతో 300 ప్రతులు వేయించి, తనతో పనిచేసిన అంబులెన్సు దళ సహచరులకు అంకితమిచ్చారు. దానిని పట్టించుకొన్నవారు బహు తక్కువ. 1929లో ఆయన స్కాట్లండులోని పెయిస్లీ సాంకేతిక కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. కళాశాల పాలన, బోధన కలిసి దినమంతా తీరిక లేకున్నా, ఐరోపాలో మళ్లీ ఆయుధాల పోటీ తలయెత్తడం చూసి 1935లో ఆ పాత ఆలోచనను చేపట్టారు. 1939లో అంతర్జాతీయ రాజకీయాలపై ఒక విపుల గ్రంథాన్ని ప్రకటించారు.

ఆయన ఆలోచన సరళమైనది. రెండు దేశాలు పక్కపక్కన ఉన్నాయి. ఒక దేశం ఏటేటా తన ఆయుధ వ్యయాన్ని ఎంత పెంచుతుందన్నది మూడు విషయాలపై ఆధారపడుతుంది. మొదటిది భయం. పొరుగు దేశపు ఆయుధాలు ఎంత ఎక్కువైతే తన ఆయుధాలు అంతగా పెంచాలనిపిస్తుంది. రెండవది భారం. తన ఆయుధ వ్యయం పెరిగేకొద్దీ ప్రజలపై పన్నులు పెరిగి, తగ్గించుకోవాలనిపిస్తుంది. మూడవది పాత కక్ష. గతంలో జరిగిన అవమానం, పోగొట్టుకొన్న భూమి, తీరని కోరిక వంటివి, పొరుగువాని వద్ద ఆయుధాలు లేకపోయినా మనస్సును దహిస్తూనే ఉంటాయి. ఈ మూడింటిని కలిపి ఒక్కొక్క దేశానికి ఒక్కొక్క అవకలన సమీకరణం వ్రాశారు. ఒక దేశపు జవాబు రెండవ దేశపు ప్రశ్న అవుతుంది కనుక ఈ రెండు సమీకరణాలను విడివిడిగా సాధించలేము. రెండు దేశాలను కలిపి ఒకే వ్యవస్థగా చూడవలసిందే. తప్పంతా ఎదుటివారిదేనని రెండు పక్షాలవారూ వాదించే చోట, ఇద్దరినీ కట్టిపడవేసిన బంధాన్ని చూపడం ఆయన చేసిన గొప్ప మేలు.

ఒక చిన్న లెక్కతో దీనిని పిల్లలు కూడా గ్రహించవచ్చు. రెండు దేశాలూ చెరి 10 కోట్లు ఆయుధాలపై ఖర్చు చేస్తున్నాయనుకుందాం. పొరుగువారి ఖర్చులో సగం మేరకు భయం చేత పెంచి, తమ ఖర్చులో పదింట మూడు వంతులు భారం చేత తగ్గిస్తారనుకుంటే, మరుసటి ఏడు ఆ ఖర్చు 10కి 5 కలిపి 3 తీసివేయగా 12 కోట్లవుతుంది. ఆపై సంవత్సరం 14.4 కోట్లు, తరువాత 17.28 కోట్లు. ఎవరికీ యుద్ధం చేయాలని లేకపోయినా పోటీ కొండ ఎక్కుతూనే ఉంటుంది. అదే భారం చేత పదింట ఆరు వంతులు తగ్గిస్తారనుకుంటే 10 కోట్లు 9 అవుతుంది, తరువాత 8.1, ఆపై 7.29. భయం కంటె నిగ్రహం బలమైనదైతే వ్యవస్థ నిలకడకు వస్తుంది. నిగ్రహం కంటె భయం బలమైనదైతే వ్యవస్థ అదుపు తప్పుతుంది. మనుషులు అవే, దేశాలు అవే, మారినది గుణకం ఒక్కటే.

ఈ సమీకరణాల నుండి ఆయన మరికొన్ని సత్యాలు రాబట్టారు. రెండు దేశాలూ ఆయుధాలను పూర్తిగా వదిలివేసినా పాత కక్షలు తీరకపోతే ఆయుధాలు మళ్లీ మొలకెత్తుతాయి. ఒకే పక్షం ఆయుధాలు వదలితే ఆ స్థితి ఎంతోకాలం నిలవదు. ఆయుధాలూ లేక, కక్షలూ లేకపోతేనే శాంతి స్థిరపడుతుంది. వైరాన్ని కొలిచే కొలబద్దపై సున్నకు అవతల ఏముంటుందన్న ప్రశ్నకు ఆయన ఇచ్చిన సమాధానం వర్తకం, సహకారం. అనగా స్నేహం అంటే వైరం లేకపోవడం మాత్రమే కాదు, అది వైరానికి ఎదురు దిక్కున ఉన్న మరొక బలం.

సిద్ధాంతాన్ని వాస్తవంతో సరిచూడడం ఆయన అలవాటు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు 1909 నుండి 1913 వరకు ఒక వైపు ఫ్రాన్సు, రష్యా, మరొక వైపు జర్మనీ, ఆస్ట్రియా-హంగేరీ చేసిన రక్షణ వ్యయాన్ని సేకరించారు. నాలుగు దేశాల మొత్తం ఖర్చు ఆ కాలంలో సుమారు 199 మిలియన్ పౌండ్ల నుండి సుమారు 289 మిలియన్ పౌండ్లకు ఎగబాకింది. ఏటేటా పెరుగుదలను మొత్తం ఖర్చుకు ఎదురుగా పటంపై గుర్తించగా, ఆ బిందువులు దాదాపు సరళరేఖపై నిలిచాయి. సమీకరణం చెప్పినదీ అదే. ఆ రేఖను వెనుకకు పొడిగిస్తే సుమారు 194 మిలియన్ పౌండ్ల వద్ద పెరుగుదల సున్న అవుతుంది. అనగా అంతటి ఖర్చు వద్ద ఆగి ఉంటే సమతూకం సాధ్యమయ్యేదేమో, దానిని స్వల్పంగా దాటడమే అగాధానికి దారి తీసిందేమోనని ఆ పటం సూచించింది.

ఈ సమీకరణాలు విధివ్రాతలని మాత్రం ఆయన ఎన్నడూ భావించలేదు. మనుషులు ఆగి ఆలోచించకపోతే ఏమి జరుగుతుందో ఇవి చెబుతాయి, ఆలోచిస్తే మార్చుకోవచ్చునన్నదే ఆయన ఉద్దేశం. తుఫాను అంచనా తుఫానును ఆపలేదు. కాని యుద్ధపు అంచనా యుద్ధాన్ని ఆపగలదు. ఎందుకంటే ఇక్కడ గాలులు మనుషుల మనస్సులే.

మృత్యువుల పట్టిక

రెండవ ప్రపంచ యుద్ధం ఆయన అంచనాలు వినేవారు లేకుండానే వచ్చింది. 1940లో, ఉద్యోగకాలం ఇంకా మిగిలి ఉండగానే, ఆయన పదవీ విరమణ చేసి శేషజీవితాన్ని శాంతి పరిశోధనకు అంకితం చేశారు. 1943లో స్కాట్లండు పశ్చిమ తీరాన, హోలీ లాక్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న కిల్మన్ గ్రామానికి మకాం మార్చారు. అక్కడ భార్య తోడుగా, మితమైన ఆదాయంతో, ఏ విశ్వవిద్యాలయపు అండ లేకుండా అహోరాత్రాలు శ్రమించారు.

ఈసారి ఆయన చేపట్టినది మనుషులు మనుషులను చంపుకొన్న ఘటనలన్నింటి పట్టిక. 1820 తరువాత లోకంలో జరిగిన యుద్ధాలు, తిరుగుబాట్లు, అల్లర్ల వివరాలను చరిత్ర గ్రంథాల నుండి ఏరి కూర్చారు. యుద్ధమని, తిరుగుబాటని, హత్యయని మనం పెట్టుకొన్న పేర్లు వివాదాస్పదమైనవి కనుక వాటన్నింటినీ ప్రాణాంతక కలహాలని ఒకే పేరుతో పిలిచారు. చనిపోయినవారి సంఖ్యకు పది ఆధారంగా సంవర్గమానం కట్టి, దానిని కలహపు పరిమాణమన్నారు. ఒక్కరు చనిపోతే పరిమాణం 0, వేయిమంది అయితే 3, పదివేలయితే 4, కోటి అయితే 7. భూకంపాలను కొలిచినట్లు ఒకే కొలబద్దపై వీధిలోని హత్యను, ప్రపంచ యుద్ధాన్ని కూడా నిలబెట్టారు.

తేలిన ఫలితాలు గుండెను కలచివేసేవి. ఆయన లెక్క ప్రకారం 1820 నుండి 1945 వరకు ఈ కలహాలలో సుమారు 5 కోట్ల 90 లక్షల మంది మరణించారు. వారిలో 3 కోట్ల 60 లక్షల మందిని రెండు ప్రపంచ యుద్ధాలే బలిగొన్నాయి. ఆ తరువాతి స్థానం పెద్ద యుద్ధాలది కాదు. ఒకరిద్దరు, ముగ్గురు మరణించే విడి హత్యలది. వాటిలో దాదాపు 97 లక్షల మంది అసువులు బాశారు. నడుమ ఉన్న వందలాది యుద్ధాలన్నీ కలిసి మొత్తంలో నాలుగవ వంతుకు లోపే.

యుద్ధాలు ఏయే సంవత్సరాలలో మొదలయ్యాయో చూడగా, అవి పాయిజాన్ విభాజనమనే సంభావ్యతా నియమాన్ని అనుసరిస్తున్నట్లు, అనగా ఏ ఏడు కూడా అపాయానికి అతీతం కానట్లు కనబడింది. ఏ దేశానికి ఎక్కువ దేశాలతో సరిహద్దులున్నాయో అది ఎక్కువ యుద్ధాలలో చిక్కుకొన్నది. ఒకే భాష మాట్లాడినంత మాత్రాన జనులు కలహించుకోకుండా ఉండరనీ తేలింది. భాష ఐక్యతకు సాధనమే గాని పూచీ కాదన్నమాట. పరభాషీయుల నడుమ తరతరాలుగా సఖ్యంగా జీవిస్తున్న తెలుగువారికి ఈ సత్యం అనుభవైకవేద్యమే.

ఈ పరిశోధనలను అచ్చువేయడానికి ప్రచురణకర్తలెవరూ ముందుకు రాలేదు. రెండు మహాగ్రంథాలనూ మైక్రోఫిల్ముపైనే వెలువరించవలసి వచ్చింది. అయినా ఆయన నిరాశ చెందలేదు.

చివరి దినాలు

సరిహద్దులకు, యుద్ధాలకు గల సంబంధాన్ని పరిశీలించేటప్పుడు ఆయనకు ఒక విచిత్రం కనిపించింది. స్పెయిన్, పోర్చుగల్ నడుమ సరిహద్దు ఒక లెక్కలో 987 కిలోమీటర్లు, మరొక లెక్కలో 1,214 కిలోమీటర్లు. నెదర్లాండ్స్, బెల్జియంల సరిహద్దు ఒక చోట 380, మరొక చోట 449 కిలోమీటర్లు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ వంకరలన్నీ లెక్కకు వచ్చి పొడవు పెరుగుతూ పోతుందని ఆయన గ్రహించి, దానికొక నియమం కనుగొన్నారు. మరణానంతరం 1961లో వ్యవస్థా శాస్త్ర సంచికలో ఈ వ్యాసం వెలువడింది. దానిని ఆధారం చేసుకొని 1967లో బెన్వా మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరరేఖ పొడవును గూర్చి ప్రసిద్ధ వ్యాసం వ్రాశారు. ఫ్రాక్టల్స్ అనే నూతన గణిత శాఖకు అది బీజమయింది.

1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరుపై జూల్ చార్నీ, జాన్ వాన్ నాయ్‌మన్ తదితరులు తొలిసారి వాతావరణాన్ని గణితంతో అంచనా వేసి సఫలులయ్యారు. చార్నీ ఆ ఫలితాలను వృద్ధుడైన రిచర్డ్‌సన్‌కు పంపించారు. ఆయన భార్యతో కలిసి పటాలను పరిశీలించి, మనసారా అభినందించారు. ముప్ఫై ఏళ్ల క్రితం తాను ఓడిపోయిన చోట మరొకరు గెలిచినందుకు అసూయ చెందక ఆనందించగలగడం ఉత్తమ సంస్కారం. 1951లో యుద్ధం లేకుండా ఆయుధ పోటీ ముగియగలదా అనే ప్రశ్నపై నేచర్ పత్రికలో వ్యాసం ప్రకటించారు. 1953 సెప్టెంబరు 30న కిల్మన్‌లో నిద్రలోనే కన్నుమూశారు.

వారసత్వం

ఆయన మరణించిన కొద్ది సంవత్సరాలకే లోకం కళ్లు తెరిచింది. 1957లో అనటోల్ రాపపోర్ట్ ఆయన సిద్ధాంతాన్ని విపులంగా పరిచయం చేశారు. 1960లో ఆయన రెండు గ్రంథాలూ అమెరికాలో అచ్చయ్యాయి. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ గెట్స్కో విద్యార్థులకు దేశాధినేతల పాత్రలిచ్చి అంతర్జాతీయ సంబంధాలను నమూనాగా నడిపించే అభ్యాసాన్ని 1950ల చివర ప్రారంభించారు. 1963లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ సింగర్ యుద్ధాల వివరాలను క్రమపద్ధతిలో సేకరించే బృహత్ ప్రణాళికను చేపట్టారు. ఇంగ్లండులోని లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో శాంతి అధ్యయన సంస్థ ఆయన పేరుతో నడుస్తున్నది. దేశాలను మంచివి, చెడ్డవి అని విభజించక, ఒకదానినొకటి కదిలించే వ్యవస్థగా చూడడం ఈ ప్రయత్నాలన్నింటిలోను సమానాంశం.

విధి వైపరీత్యమేమనగా, ఆయన శాంతి కోసం తపించిన హోలీ లాక్ పాయలోనే 1961 నుండి 1992 వరకు అమెరికా అణు జలాంతర్గాముల స్థావరం నెలకొన్నది. ఆయన సమీకరణాలలోని భయం ఆయన ఇంటి వాకిట్లోనే లంగరు వేసింది. 1980ల మధ్య నాటికి ప్రపంచంలో అణ్వాయుధాల సంఖ్య సుమారు 70,000కు చేరింది. అయినా రెండు అగ్రరాజ్యాల నడుమ ప్రత్యక్ష యుద్ధం లేకుండానే ఆ పోటీ 1991లో సద్దుమణిగింది. రిచర్డ్‌సన్ 1951లో వేసిన ప్రశ్నకు చరిత్ర ఒకమారు అనుకూలమైన సమాధానం ఇచ్చింది. ఆయుధాలు మాత్రం పూర్తిగా పోలేదు, కక్షలూ పూర్తిగా తీరలేదు. కనుక ఆయన లెక్క ఇంకా ముగియలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనను, 1996 నవంబరు 6న గోదావరి జిల్లాలను, యానాంను అతలాకుతలం చేసిన తుఫానును తెలుగువారు మరువలేరు. నేడు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టగానే అది ఎక్కడ తీరం దాటుతుందో రోజుల ముందుగా చెప్పగలుగుతున్నామంటే, వేలాది ప్రాణాలు నిలుస్తున్నాయంటే, దాని వెనుక కంప్యూటర్లు చేస్తున్న గణితానికి ఆద్యుడు ఆ అంబులెన్సు చోదకుడే. గడ్డిమోపుపై కూర్చొని తప్పుగా తేల్చిన ఆ లెక్కయే కోట్లాది ప్రజలకు రక్షాకవచమయింది.

లెక్క తప్పినా దాచకూడదని, తెలివిని కీడుకు అమ్మకూడదని, ఎవరూ వినకపోయినా సత్యాన్వేషణ మానకూడదని రిచర్డ్‌సన్ జీవితం బోధిస్తున్నది. తరగతి గదిలో ఇద్దరు బాలురు కలహించుకొన్నప్పుడు తప్పెవరిదని అడగడంతో ఆగిపోక, ఒకరి భయం మరొకరి కోపాన్ని ఎలా పెంచిందో ఇద్దరికీ అర్థమయ్యేలా చెప్పగలిగిన నాడు, ఆ మహనీయుని గణితం పుస్తకాల నుండి జీవితంలోకి నడచివచ్చినట్లవుతుంది. నేటి బాలలే రేపటి పౌరులు. వారి చేతులలోనే ఆ సమీకరణంలోని గుణకాలున్నాయి.